ముఖలేపనాలు – వాటిలోని ద్రవ్యాలు

పెండ్లికి ముందు తెలుగువారి ఇండ్లలో నలుగు పెట్టడం, ముస్లిం కుటుంబాలలో మాంఝే నాడు ఉబ్టన్ పూయడం తరతరాలుగా వస్తున్న ఆచారాలు. పేర్లు వేరైనా రెండింటిలోని ద్రవ్యాలు దాదాపు ఒకటే: పసుపు, శనగపిండి లేక పెసరపిండి, చందనం, కొంచెం నూనె. వాటిని దంచినవారు, కలిపినవారు, పూసినవారు ఆ ఇంటివారే కాబట్టి గిన్నెలో ఏమున్నదో అందరికీ తెలిసి ఉండేది. నేడు ఆ గిన్నె స్థానంలోకి సీసా, ట్యూబు వచ్చాయి. వీటిలో ఏమున్నదో పూసుకొనేవారికి తెలియదు. విచిత్రమేమంటే, ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. అట్టపెట్టె వెనుక చీమల బారువలె చిన్న అక్షరాలలో అంతా అచ్చు వేసియే ఉంటుంది. ముందువైపు బొమ్మను చూస్తాము, పైన ధరను చూస్తాము, వెనుకవైపు వ్రాతను మాత్రం వదలివేస్తాము.

ఆ వ్రాతను చదవడం ఎట్లాగో విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయాలని ఈ వ్యాసం తలపెట్టాము. ఎవరి ముఖం ఏ రంగులో ఉంటే అందమన్నది మా చర్చ కాదు. ఆ చర్చకు కవులున్నారు. అయితే వెనుకవైపు వ్రాతే లేని డబ్బాలు కొన్ని బజారులో అమ్ముడుపోతున్నాయి. వ్రాత ఉన్నా చదవకపోవడం వల్ల ఔషధాన్ని అలంకారమని భ్రమించి నెలల తరబడి పూసుకొనేవారున్నారు. ఈ రెండింటివల్ల చర్మమే కాక మూత్రపిండాలు సైతం చెడిన దాఖలాలు మన దేశంలోనే ఉన్నాయి. మా ఆందోళన అది.

1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కింద 2020లో ప్రత్యేకంగా సౌందర్య సాధనాల నియమావళి వెలువడింది. దాని ప్రకారం తయారీదారుని పేరు, చిరునామా, బ్యాచ్ సంఖ్య, లైసెన్సు సంఖ్య, ఏ తేదీలోగా వాడవలెనో ఆ తేదీ, అందులో కలిపిన ద్రవ్యాల పేర్లు పైన ముద్రించవలసి ఉన్నది. ద్రవ్యాల పేర్లను ఇష్టం వచ్చిన వరుసలో వ్రాయరాదు. ఒక శాతానికి మించి ఉన్నవన్నీ ఎక్కువ నుండి తక్కువకు క్రమంగా రావాలి. ఒక శాతం, అంతకు తక్కువ ఉన్నవి వాటి తరువాత ఏ వరుసలోనైనా రావచ్చును.

ఈ ఒక్క నియమం తెలిస్తే సగం పని పూర్తయినట్లే. దాదాపు ప్రతి క్రీములోను మొదటి పేరు ‘ఆక్వా’. అది లాటిన్ మాట, అర్థం నీరు. అంటే మనం కొన్న దానిలో అన్నింటికంటె ఎక్కువ ఉన్నది నీరే. ఆ పిమ్మట గ్లిజరిన్, స్టియరిక్ ఆమ్లం, సిటైల్ ఆల్కహాల్, ఖనిజ తైలం వంటివి వస్తాయి. కొంత దూరం పోయిన తరువాత ‘ఫినాక్సీ ఇథనాల్’ అన్న పేరు తరచుగా కనబడుతుంది. క్రీము చెడిపోకుండా కలిపే ద్రవ్యమిది. దీనిని ఒక శాతానికి మించి కలుపరాదన్న హద్దు ఉన్నది. కాబట్టి దీని తరువాత వచ్చే పేర్లేవీ ఒక శాతం దాటి ఉండవని గ్రహించవచ్చును. ముందువైపు కుంకుమపువ్వు, బాదం, ముత్యాలు అని పెద్ద అక్షరాలలో వేసి, వెనుకవైపు వాటి పేర్లు ఫినాక్సీ ఇథనాల్ దాటిన తరువాత ఎక్కడో కనబడితే, ఆ కుంకుమపువ్వు బొమ్మకు సరిపోయినంతే ఉన్నదని అర్థం.

ఇక చర్మాన్ని గురించి కొంత చెప్పనిదే ఈ ద్రవ్యాల పని బోధపడదు. చర్మపు పైపొర మిల్లీమీటరులో నూరవ వంతు నుండి యాభయ్యవ వంతు వరకు మాత్రమే మందముంటుంది. ఇంత పలుచని పొర గోడవలె కట్టి ఉంటుంది. నిర్జీవ కణాలు ఇటుకలు. వాటి నడుమ సిరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు అనే స్నిగ్ధ పదార్థాలు సున్నం. ఈ గోడ లోపలి నీటిని బయటకు పోనీయదు, బయటి క్రిములను లోపలికి రానీయదు. అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. ‘మూడు రోజులలో ముఖవర్చస్సు’ అన్న ప్రకటన చూసినప్పుడు ఈ నాలుగు వారాల లెక్క గుర్తు తెచ్చుకొంటే చాలును.

చలికాలంలో చర్మం పగలడమంటే ఈ గోడలోని సున్నం రాలి నీరు ఆవిరైపోవడమే. దానిని ఆపడానికి వాడే ద్రవ్యాలు మూడు తెగలు. నీటిని ఆకర్షించి పట్టి ఉంచేవి ఒక తెగ. పైన కప్పువలె నిలిచి నీటిని పోనీయనివి ఒక తెగ. ఇటుకల నడుమ బీటలలో చేరి నునుపు చేసేవి ఇంకొక తెగ. మంచి క్రీము అనబడే ప్రతిదీ ఈ మూడింటి పాళ్ల కలయిక మాత్రమే. ధర ఎంతైనా కావచ్చును, పెట్టె ఏ దేశం నుండి వచ్చినా కావచ్చును, ఈ మూడు తెగలకు వెలుపల నాలుగవది లేదు.

మొదటి తెగకు పెద్ద గ్లిజరిన్. దీనిని 1779లో స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు షీలే ఆలివ్ నూనె నుండి తొలిసారి వేరుచేశాడు. సబ్బు తయారీలో ఉపఫలంగా వస్తుంది కాబట్టి చవక. గాలిలోని తేమను పీల్చుకొనే దీని గుణాన్ని ఏ ప్రయోగశాలలోనైనా చూడవచ్చును. వానాకాలంలో ఒక గాజు పళ్లెంలో కొంచెం గ్లిజరిన్ తూచి రాత్రంతా తెరచి ఉంచితే మరునాటికి దాని బరువు పెరిగి ఉంటుంది. కాని గాలిలో తేమ లేనప్పుడు ఏమవుతుంది? గ్లిజరిన్‌కు నీరు కావాలి; పైనుండి దొరకకపోతే చర్మపు లోపలి నుండి లాగుతుంది. అందుచేత పొడి చలిలో వట్టి గ్లిజరిన్ పూస్తే మంట పుట్టి చర్మం మరింత ఎండుతుంది. మన పెద్దలు దానిని గులాబీ జలంలో కలిపి తడి ముఖానికే పూసేవారు. అది పూర్తిగా శాస్త్రసమ్మతమైన పద్ధతి. ఈనాడు విశేషంగా ప్రచారంలో ఉన్న హయలురానిక్ ఆమ్లం కూడ ఈ తెగలోనిదే. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనేవారు ఆవు కంటిలోని ద్రవం నుండి దీనిని కనుగొన్నారు. నీటిని బాగా పట్టి ఉంచుతుంది, నిజమే. అయితే దీని పెద్ద అణువులు చర్మం లోతుకు దిగలేవు, పైననే నిలుస్తాయి. కేవలం తేమ కొరకే అయితే, చిన్న సీసాకు వందల రూపాయలు పెట్టేముందు గ్లిజరిన్‌ను ఒకసారి తలచుకోవడం మంచిది.

రెండవ తెగకు పెద్ద పెట్రోలియం జెల్లీ. అమెరికాలో చమురు బావుల గొట్టాలకు అంటుకొన్న జిడ్డును పనివారు కాలిన గాయాలకు పూసుకోవడం గమనించి రాబర్ట్ చీజ్‌బ్రో అన్న యువకుడు దానిని శుద్ధిచేశాడు. 1872లో దానికి పేటెంటు పొంది ‘వాజలిన్’ అని పేరు పెట్టాడు. చర్మం నుండి నీరు ఆవిరి కాకుండా ఆపడంలో దీనికి సాటి లేదు. 98 శాతం వరకు ఆపగలదని పరీక్షలలో తేలింది. దీనికి పరిమళం లేదు, గొప్ప పేరు లేదు, ప్రకటనలో చెప్పుకోదగిన కథ లేదు. పైగా జిడ్డు. మొటిమలు వచ్చే ముఖానికి చాలామంది ఇష్టపడరు. కాని పగిలిన మడమలకు, పెదవులకు దీనికి మించినది ఏ దుకాణంలోను దొరకదని మా అభిప్రాయం. గొర్రె ఉన్ని నుండి తీసే లానోలిన్, తేనె మైనం ఈ తెగవే. రెండవ శతాబ్దంలో గేలెన్ అనే వైద్యుడు తేనె మైనం, ఆలివ్ నూనె, గులాబీ జలం కలిపి చేసిన లేపనమే నేటి కోల్డ్ క్రీముకు మూలపురుషుడు. ఆ నీరు ఆవిరవుతూ చల్లదనం ఇస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది.

మూడవ తెగలో స్టియరిక్ ఆమ్లం, సిటైల్ ఆల్కహాల్, కొబ్బరి మొదలైన నూనెలు చేరతాయి. మన తాతలనాటి ‘స్నో’ ఈ తెగ ప్రధానంగా తయారైనదే. స్టియరిక్ ఆమ్లంలో కొంత భాగాన్ని క్షారంతో కలిపి సబ్బుగా మార్చితే, ఆ సబ్బు మిగిలిన ఆమ్లాన్ని నీటిలో మంచువలె తెల్లగా పరచి ఉంచుతుంది. ముఖానికి రాయగానే నీరు ఎగిరిపోయి, కంటికి కనబడని పలుచని పొర మిగులుతుంది. మాయమైనట్లుంటుంది కాబట్టి వానిషింగ్ క్రీము అన్నారు. బొంబాయిలో ఇబ్రహీం సుల్తానలీ పటన్‌వాలా 1919లో విడుదల చేసిన ‘అఫ్గాన్ స్నో’ మన దేశపు తొలి సౌందర్య లేపనాలలో ప్రసిద్ధమైనది. జిడ్డు లేని ఈ స్నో తీరప్రాంతపు ఉక్కకు సరిపోతుంది. ఆదిలాబాదు చలికి సరిపోదు. అక్కడ కోల్డ్ క్రీమో, వాజలినో కావాలి. విశాఖలో బాగున్నదని అక్కగారు పంపిన క్రీము తెలంగాణలో డిసెంబరులో పనిచేయకపోతే, తప్పు క్రీముది కాదు, గాలిది.

ఇక్కడ విద్యార్థులు మమ్ములను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. పెట్టె మీద ‘ఆల్కహాల్’ అని ఉంటే వాడవచ్చునా? ధార్మిక నిర్ణయం ఉలమాలది. మేము రసాయన శాస్త్రం చెప్పగలిగినంతే చెబుతాము. రసాయన శాస్త్రంలో ఆల్కహాల్ అనేది ఒక కుటుంబం పేరు, ఒక వస్తువు పేరు కాదు. సిటైల్ ఆల్కహాల్, స్టియరైల్ ఆల్కహాల్, సిటోస్టియరైల్ ఆల్కహాల్ అనేవి మైనంవంటి ఘన పదార్థాలు. సిటైల్ ఆల్కహాల్ సుమారు 49 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని కరగదు. వీటికి మత్తు గుణం లేదు. ఒకప్పుడు తిమింగలపు కొవ్వు నుండి తీసేవారు. నేడు ఎక్కువగా తాటిజాతికి చెందిన పామ్ నూనె నుండి, కొబ్బరి నూనె నుండి చేస్తున్నారు. మద్యంలో ఉండేది ఇథైల్ ఆల్కహాల్. పెట్టె మీద ‘ఆల్కహాల్ డినాట్’ అనో, వట్టి ‘ఆల్కహాల్’ అనో ఉంటే అది ఇది. తాగడానికి పనికిరాకుండా చేసి కలుపుతారు. చర్మాన్ని ఎండబెడుతుంది కాబట్టి పొడి చర్మం వారు దీనిని మానడం ఆ కారణంగానైనా మంచిదే. గ్లిజరిన్, స్టియరిక్ ఆమ్లం జంతువుల కొవ్వు నుండి గాని, వృక్ష తైలాల నుండి గాని రావచ్చును. పేరును బట్టి ఏది ఎక్కడిదో చెప్పలేము; తయారీదారు విడిగా ప్రకటిస్తేనే తెలుస్తుంది. ‘సి.ఐ. 75470’ అని ఉంటే అది కార్మిన్ అనే ఎరుపు రంగు. ఒక రకపు పురుగుల నుండి తీస్తారు.

సబ్బును గురించి ఒక్క మాట. సబ్బు క్షారగుణం కలది. చర్మం స్వల్పంగా ఆమ్లగుణం కలది. రోజుకు నాలుగైదుసార్లు ముఖం సబ్బుతో కడిగి, తరువాత పొడిబారినదని క్రీము పూయడం కుండకు చిల్లు పెట్టి నీరు పోసినట్లే. వజూ చేసేటప్పుడు నీటితో కడగడం వేరు, ప్రతిసారి సబ్బు రాయడం వేరు. కొనేటప్పుడు పెట్టె మీద టి.ఎఫ్.ఎం. అన్న అంకె చూడాలి. అందులోని కొవ్వు పదార్థపు శాతమది. భారతీయ ప్రమాణాలలో మొదటి తరగతి టాయిలెట్ సబ్బుకు అది 76కు తగ్గరాదు.

తేమ సంగతి అట్లుండగా, ప్రత్యేకమైన పని కొరకు కలిపే ద్రవ్యాలు వేరే ఉన్నాయి. వీటిలో మన దేశంలో అందరికీ పరిచయమైనది, పేరు మాత్రం ఎవరికీ తెలియనిది నియాసినమైడ్. ఇది బి విటమినులలో ఒక రూపం. హిందుస్తాన్ లీవర్ సంస్థ 1971లో దీనికి పేటెంటు పొంది, 1975లో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ని విడుదల చేసింది. చాలా విమర్శల తరువాత 2020లో ఆ పేరును ‘గ్లో అండ్ లవ్లీ’గా మార్చారు. పేరులోని తెలుపు పోయింది, ద్రవ్యం అదే. ఇది చేసే పని ఏమిటి? నల్లనివారికైనా తెల్లనివారికైనా మెలనిన్ అనే వర్ణకాన్ని తయారుచేసే కణాల సంఖ్య దాదాపు సమానమే. తేడా అంతా ఆ కణాలు వర్ణకాన్ని ఎంత తయారుచేసి చుట్టుపక్కల కణాలకు ఎట్లా పంచుతాయన్న దానిలో ఉన్నది. నియాసినమైడ్ ఆ పంపకాన్ని కొంత మందగింపజేస్తుంది. మచ్చలు కొంత తగ్గుతాయి, గోడ కొంత బలపడుతుంది. 2 నుండి 5 శాతం వరకు ఉంటే చాలును. పుట్టుకతో వచ్చిన రంగును మార్చే శక్తి దీనికి లేదు. ఈ ద్రవ్యం చవక అయినది, సురక్షితమైనది, కొంతవరకు ఉపయోగకరమైనది. దాని పేరున అమ్మిన ఆశ మాత్రం అట్టిది కాదు.

మొటిమలకు సాలిసిలిక్ ఆమ్లం వాడతారు. ఇది కొవ్వులో కరుగుతుంది కాబట్టి జిడ్డుతో మూసుకొన్న రంధ్రాలలోకి పోగలదు. 2 శాతం చాలును. రెటినాల్ అనేది ఎ విటమిను రూపం, ముడతలకు. గర్భవతులు దీనిని వాడరాదు. సి విటమిను మంచిదే గాని గాలికి, వెలుతురుకు త్వరగా చెడిపోతుంది. సీసాలోని ద్రవం ముదురు గోధుమరంగుకు తిరిగితే అది పనికిరాదు. ‘సి విటమిను నిమ్మకాయలో ఉన్నది కదా’ అని నిమ్మరసం ముఖానికి రాసేవారు ఒకటి తెలుసుకోవాలి. నిమ్మరసం గాఢమైన ఆమ్లం. పైగా నిమ్మజాతి పండ్లలోని కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి, నెలల తరబడి పోని నల్లమచ్చలు తెస్తాయి. మచ్చ పోవాలని రాసినదే మచ్చ తెస్తుంది.

ఇంటి వస్తువులన్నీ ఇట్లాంటివని కాదు. ముల్తానీ మట్టి నేడు మనకు ఎక్కువగా రాజస్థాన్ గనుల నుండి వస్తున్నది. జిడ్డును చక్కగా పీల్చుతుంది; పొడి చర్మానికి మాత్రం తగదు. కలబంద గుజ్జు, సున్నిపిండి చాలామందికి మేలే చేస్తాయి. సుర్మా విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. గ్రంథాలలో చెప్పిన ఇస్మిద్ అంటే ఆంటిమనీ ఖనిజమని సాధారణంగా చెబుతారు. కాని బజారులో సుర్మా పేరున దొరికే దానిలో తరచుగా ఉన్నది సీసపు సల్ఫైడని అనేక దేశాలలో పరీక్షలు తేల్చాయి. రెండూ మెరిసే నల్లని పొడులే, కంటితో తేడా తెలియదు. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పిల్లలు కళ్లు నలిపిన చేతినే నోటిలో పెట్టుకొంటారు. అట్లే ‘కాలీ మెహందీ’. గోరింటాకు సహజంగా పండేది ఎరుపుగానే. నిమిషాలలో నల్లగా పండిందంటే అందులో జుట్టురంగులలో వాడే పి.పి.డి. కలిసి ఉండవచ్చును, అది కొందరికి బొబ్బలు తెస్తుంది.

మచ్చలు, నలుపు తగ్గాలనుకొనేవారికి అన్నింటికంటె ముందు చెప్పదగినది ఎండ నుండి రక్షణ. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వంటివి అతినీలలోహిత కిరణాలను అడ్డుకొంటాయి. వీటి మీద ఎస్.పి.ఎఫ్. అని ఒక అంకె ఉంటుంది. 15 అయితే చర్మాన్ని కమిలించే కిరణాలలో సుమారు 93 శాతం, 30 అయితే 97 శాతం, 50 అయితే 98 శాతం ఆగుతాయి. 30 నుండి 50కి పోతే పెరిగేది ఒక్క శాతమే. ధర ఎంత పెరిగిందో పోల్చి చూసుకోవచ్చును. ఈ లెక్క కూడ పలుచగా పూస్తే నిలువదు. పరీక్షలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూస్తారు. మనం పూసేది సాధారణంగా అందులో సగం కూడ ఉండదు. గొడుగు, దుపట్టా ఈ లెక్కలేవీ లేకుండానే పనిచేస్తాయి.

పరిమళ ద్రవ్యాలు చర్మానికి ఏ మేలూ చేయవు. దురద, ఎర్రదనం కలిగించేవాటిలో ముందుండేవి ఇవే. ‘పర్‌ఫ్యూమ్’ లేక ‘ఫ్రేగ్రెన్స్’ అన్న ఒక్క మాట వెనుక అనేక ద్రవ్యాలు ఉండవచ్చును. సున్నితమైన చర్మం వారు వాసన లేనిదానిని ఎన్నుకోవాలి. కొత్త క్రీమును మొదట మోచేతి లోపలివైపు కొన్నాళ్లు పూసి చూసిన తరువాతనే ముఖానికి రాయాలి.

ఇంతవరకు చెప్పినవి డబ్బు నష్టానికి, చిన్న బాధలకు సంబంధించినవి. ఇకపై చెప్పబోయేవి అట్టివి కావు.

మొదటిది పాదరసం. వర్ణకం తయారుకావడానికి అవసరమైన ఒక ఎంజైమును పాదరస లవణాలు అడ్డుకొంటాయి. ముఖం త్వరగా తెల్లబడుతుంది. ఆ త్వరయే ప్రమాద సూచన. పాదరసం చర్మం గుండా రక్తంలో చేరి మూత్రపిండాలను, నరాలను దెబ్బతీస్తుంది. పూసుకొన్నవారికే కాదు, ఆవిరి రూపంలో ఇంటిలోని పసిపిల్లలకు కూడ చేరుతుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్ వైద్యులు 2021 నుండి 2023 వరకు తమ వద్దకు వచ్చిన 22 మంది మూత్రపిండ రోగులను పరిశీలించారు. వారికున్నది మూత్రంలో ప్రోటీను పోయి శరీరం వాచే ఒక వ్యాధి. వీరిలో 15 మందిలో ఆ వ్యాధి యొక్క ఒక అరుదైన రకం కనబడగా, ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవారే. మన నియమావళి పాదరసాన్ని ద్రవ్యంగా కలుపనీయదు. తెలియకుండా కలిసినా పది లక్షల పాళ్లలో ఒక పాలు మించరాదు. మినమాటా ఒడంబడికలోని దేశాలు 2023లో జెనీవాలో సమావేశమై, పాదరసం కలిపిన సౌందర్య సాధనాలన్నింటిని 2025 నాటికి తొలగించాలని తీర్మానించాయి. అయినా చిరునామా, లైసెన్సు సంఖ్య లేని డబ్బాలు ఒకరి చేతి నుండి ఒకరికి, బంధువుల పెట్టెలలో, పెండ్లి బహుమతులలో వస్తూనే ఉన్నాయి. ‘కాలోమెల్’, ‘మెర్క్యూరస్ క్లోరైడ్’, ‘అమోనియేటెడ్ మెర్క్యూరీ’ అన్న మాటలు ఎక్కడ కనబడినా అది పాదరసమే. ఏ మాటా వ్రాయని డబ్బా వీటికంటె నమ్మదగినది కాదు. వెండి, బంగారు నగలకు తగలనీయవద్దని హెచ్చరిక ఉంటే మరింత అనుమానించాలి.

రెండవది స్టెరాయిడ్. ఇది పాదరసంవలె చాటుగా రాదు. మందుల దుకాణంలో, సరియైన పెట్టెలో, బిల్లుతో సహా వస్తుంది. 1975లో ఫిలడెల్ఫియా వైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ తన సహచరునితో కలిసి మూడు మందుల మిశ్రమాన్ని ప్రకటించాడు: హైడ్రోక్వినోన్ 5 శాతం, ట్రెటినాయిన్ 0.1 శాతం, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 0.1 శాతం. అది మంగు మచ్చలవంటి వాటికి, వైద్యుని పర్యవేక్షణలో, కొద్దికాలం వాడవలసిన చికిత్స. మన దేశంలో దాని రూపాంతరాలు చిన్న ట్యూబులలో ఇంటింటి క్రీములైపోయాయి. హైడ్రోక్వినోన్‌ను ఐరోపా దేశాలు చర్మం తెల్లబరచే సౌందర్య సాధనాలలో 2001లోనే నిషేధించాయి. ఎక్కువకాలం వాడితే చర్మం నీలి నలుపుకు తిరగవచ్చును. తామరకని అమ్మే మరికొన్ని ట్యూబులలోను బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. వాటిని కూడ ముఖానికి పూస్తున్నారు.

ఎందుకు పూస్తున్నారంటే, మొదటి వారాలలో ఫలితం నిజంగానే కనబడుతుంది కాబట్టి. స్టెరాయిడ్ రక్తనాళాలను ముడుచుకొనేటట్లు చేస్తుంది, వాపును అణచుతుంది, వర్ణకాన్ని తగ్గిస్తుంది. ముఖం తేటబడుతుంది, మొటిమలు అణగుతాయి. చెల్లెలు అక్కను అడుగుతుంది, గదిలోని నేస్తం పేరు వ్రాసుకొంటుంది. కొన్ని నెలలకు చర్మం ఉల్లిపొరవలె పలుచబడుతుంది. ఎర్రని నరాలు పైకి కనబడతాయి. మొటిమలు గుంపులుగా లేస్తాయి. ఆడపిల్లల ముఖాన వెంట్రుకలు మొలుస్తాయి. ఎండలోకి పోతే మంట. భయపడి మానివేస్తే రెండు మూడు రోజులలో ముఖమంతా ఎర్రబడి దహిస్తుంది. మళ్లీ పూస్తే చల్లబడుతుంది. అందుచేత మానలేరు. వ్యసనానికి ఉండే లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి. దేశంలోని 12 కేంద్రాలలో జరిగిన పరిశీలన ఒకటి 2011లో ప్రచురితమైనది. అందులో ముఖచర్మ వ్యాధులతో వచ్చిన 2926 మందిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నట్లు తేలింది. చర్మవైద్యుల సంఘం ఆందోళన చేయగా, 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. చీటీ అడగని దుకాణాలు ఉన్నంతకాలం ఆ ఉత్తర్వు కొనేవారి జాగ్రత్త మీదనే ఆధారపడి ఉంటుంది.

కనుగొనడం కష్టం కాదు. పెట్టె మీద ‘షెడ్యూల్ హెచ్’ అని గాని, ‘ఆర్.ఎక్స్.’ అన్న గుర్తు గాని ఉంటే అది సౌందర్య సాధనం కాదు, ఔషధం. బీటామెథసోన్, మోమెటసోన్, డెక్సామెథసోన్, ఫ్లూటికసోన్ – చివర ‘సోన్’ అని వచ్చే పేర్లు చాలావరకు స్టెరాయిడ్లే. ఫ్లూసినోలోన్, క్లోబెటసాల్ కూడ అవే.

ఇప్పటికే వాడుతున్నవారు ఈ వ్యాసం చదివి ఈ రాత్రికే ట్యూబును పారవేయవద్దు. ఒక్కసారిగా మానితే పైన చెప్పిన ఎర్రదనం, మంట తప్పవు. ఎంత బలమైనది, ఎన్నాళ్లుగా పూస్తున్నారు అన్నదానిని బట్టి వైద్యులు మాన్పించే పద్ధతి మారుతుంది. తక్కువ బలం కలదానికి మార్చి క్రమంగా తగ్గించడం ఒక మార్గం. ప్రభుత్వ బోధనాసుపత్రులలో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. అక్కడికి పోయేటప్పుడు సిగ్గుపడి ట్యూబును ఇంటిలో దాచి పోరాదు. అట్టపెట్టె ఉంటే దానితో సహా చేతిలో పెట్టుకొని పోవాలి. వైద్యుడు మొదట అడిగేది దానినే.